క్లోరిన్ కలిపేది ఆకు కోసం కాదు, నీళ్ల కోసం

పీ227ఏ. 2006 సెప్టెంబరులో అమెరికా ఆరోగ్య శాఖల సిబ్బంది, జబ్బుపడ్డవాళ్ల ఫ్రిజ్‌లలో సగం వాడి మిగిల్చిన పాలకూర సంచుల మీద చూసిన కోడ్ ఇది. 227 అంటే ఆ ఏడాదిలో 227వ రోజు, ఆగస్టు 15. చివరి అక్షరం ఏ షిఫ్టులో ప్యాక్ చేశారో చెబుతుంది. రోగుల ఇళ్ల నుంచి తెచ్చినవాటిలో 13 సంచుల్లో, వాళ్లకు జబ్బు తెచ్చిన సూక్ష్మజీవే దొరికింది. అందులో 11 సంచులు ఒకే ప్లాంటులో ఒకే రోజున ప్యాక్ అయినవి. ఆ సూక్ష్మజీవి పేరు ఇ.కోలి ఓ157:హెచ్7. మొత్తం 26 రాష్ట్రాల్లో 199 మందికి సోకింది. 31 మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ముగ్గురు చనిపోయారు.

మూలం వెతుక్కుంటూ వెళ్తే కాలిఫోర్నియాలోని శాన్ బెనిటో కౌంటీలో ఒక పశువుల ర్యాంచ్ తేలింది. అందులో కొంత భూమిని ఆకుకూరల సాగుకు కౌలుకిచ్చారు. అనుమానం చివరికి 2.8 ఎకరాల చెక్క మీదకు వచ్చి ఆగింది. చుట్టుపక్కల ఆవు పేడలో, అడవిపందుల పెంటలో, నది నీళ్లలో అదే రకం ఇ.కోలి కనిపించింది. దాన్ని ఆకు దాకా మోసింది పందులా, నీళ్లా అన్నది మాత్రం దర్యాప్తులో తేలలేదు.

మూడెకరాలు కూడా లేని చెక్క నుంచి 26 రాష్ట్రాలకు పాకింది. పైగా అది కడగని పాలకూరేమీ కాదు. ఆ ప్లాంటులో ఆకును క్లోరిన్ కలిపిన నీళ్లలో కడిగాకే సంచుల్లో నింపుతారు. అమెరికా సూపర్‌మార్కెట్లలో ఇలాంటి సంచుల మీద ‘మూడుసార్లు కడిగినది’ అన్న మాట పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. మూడుసార్లు కడిగారంటే మూడింతలు శుభ్రం అనే ఎవరైనా అనుకుంటారు. ఆ లెక్క ఎక్కడ తప్పిందో తెలియాలంటే ముందు ఆకును దగ్గర నుంచి చూడాలి.

ఆకు నున్నగా ఉండదు

తామరాకు మీద నీటిబొట్టు ఎందుకు నిలవదో అందరికీ తెలుసు. ఆకు పైన మైనం లాంటి పొర ఉంటుంది. పాలకూరకూ, లెట్యూస్‌కూ, కొత్తిమీరకూ అంత గట్టిగా కాకపోయినా అలాంటి పొరే ఉంటుంది. నీళ్లు ఆ పొర మీద జారిపోతాయే తప్ప ప్రతి ముడతలోకీ దిగవు. ఇక ఆకు గాలి పీల్చుకునే పత్రరంధ్రాలు ఉన్నాయి. మన కంటికి కనపడవు గానీ, ఒకటి రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవుండే బ్యాక్టీరియాకు అవి సింహద్వారాలే. దూరి లోపల కూర్చుంటే బయట ఎన్ని నీళ్లు పారినా దానికి తగిలేది తక్కువ. ఈనెల పక్క సందులు, కోసినచోట తెరుచుకున్న అంచులు, పురుగు కొరికిన చిల్లులు కూడా దానికి దాక్కునే చోట్లే. పైగా బ్యాక్టీరియా ఊరికే కూర్చోదు. తన చుట్టూ జిగురు పొర కట్టుకుని ఆకుకు అతుక్కుపోతుంది. పొలంలో నాలుగు రోజుల ముందే చేరినదైతే పాతుకుపోయి ఉంటుంది.

కోసినచోటు గురించి ఇంకో మాట. ఆకును తరిగినప్పుడు రసం ఊరుతుంది. ఆ రసం బ్యాక్టీరియాకు తిండి. తరిగిన కొత్తిమీరను వంటింట్లో రెండు మూడు గంటలు బయట వదిలేస్తే అది పెరగడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. ఆ రసమే క్లోరిన్‌ను ఎలా మింగేస్తుందో ముందు ముందు వస్తుంది.

కడిగితే మరి ఎంత పోతుంది? శాస్త్రవేత్తలు దీన్ని ‘లాగ్’లలో లెక్కిస్తారు. పేరు భయపెట్టినా లెక్క తేలికే. పదింటికి తొమ్మిది పోతే ఒక లాగ్. ఆకు మీద పది లక్షల బ్యాక్టీరియా ఉంటే, ఒక లాగ్ తగ్గాక లక్ష మిగులుతాయి. రెండు లాగ్‌లు తగ్గితే పది వేలు. ఆకుకూరలను క్లోరిన్ నీళ్లలో కడిగితే సాధారణంగా తగ్గేది ఒకటి నుంచి రెండు లాగ్‌లే. ‘99 శాతం క్రిములు పోతాయి’ అని ప్రకటనల్లో గొప్పగా వినిపించేది ఈ రెండు లాగ్‌లే. మిగిలిన ఒక్క శాతంలో పది వేలు ఉన్నాయన్న సంగతి ప్రకటనలో ఉండదు. ఓ157 లాంటి దానికి మనిషిని పడుకోబెట్టడానికి వందలోపు కణాలు చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే 2006లో మురుగునీటి సాగు మీద మార్గదర్శకాలు తెచ్చింది. పొలం నుంచి కంచం దాకా ఎక్కడెక్కడ ఎంత ప్రమాదం తగ్గుతుందో అందులో అంకెలు వేశారు. మంచినీళ్లతో కడిగితే ఒక లాగ్. క్రిమిసంహారక మందు నీళ్లలో ముంచి, మళ్లీ మంచినీళ్లతో జాడిస్తే రెండు. ఉడికిస్తే ఆరు నుంచి ఏడు. ఆరు లాగ్‌లంటే పది లక్షలకు ఒకటి మిగలడం. కడగడానికీ ఉడికించడానికీ ఉన్న ఈ తేడాను పట్టుకుంటే మిగతా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

తొట్టిలో జరిగే పరుగుపందెం

సంచుల్లో అమ్మే ఆకుకూరల ప్లాంటులో కడిగే లైను చూడటానికి పిల్లకాలువలా ఉంటుంది. బెల్టు మీద వచ్చిన ఆకు పారే చల్లటి నీళ్లలో పడుతుంది. కింద నుంచి గాలి బుడగలు పైకి తన్ని ఆకులను విడదీస్తాయి. అర నిమిషం అటూ ఇటుగా ఆ నీళ్లలో కొట్టుకుపోయి, ఊగే జల్లెడ మీదకు ఎక్కి, రెండో తొట్టిలో పడుతుంది. చివర్లో బట్టల మెషీన్‌లో స్పిన్ తిరిగినట్టు ఒక డ్రమ్ములో తిరిగి నీళ్లు విదిలించుకుంటుంది. గంటకు టన్నుల కొద్దీ ఆకు ఇలా వెళ్తుంది. అంత ఆకుకు అంత మంచినీళ్లు ఎప్పటికప్పుడు కొత్తవి పోయడం కుదరదు కాబట్టి అవే నీళ్లను తిప్పి తిప్పి వాడతారు.

చిక్కు ఇక్కడే ఉంది. వేర్వేరు పొలాల ఆకు ఒకే నీళ్లలో మునుగుతుంది. ఒక పొలం ఆకు మీద క్రిమి ఉంటే అది నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు తర్వాత వచ్చే శుభ్రమైన ఆకును కూడా తడుపుతాయి. పది కిలోల ఆకు మీద ఉన్న ముప్పును వెయ్యి కిలోలకు పంచిపెట్టే శక్తి ఆ తొట్టికి ఉంది. చిన్న చెక్కలో పండిన పంట ఇన్ని రాష్ట్రాలకు జబ్బును మోసుకెళ్లగలిగిందంటే, అందులో ఇలా అందరి పంటనూ ఒకచోట చేర్చి కడిగే, కలిపే పద్ధతి పాత్రను కొట్టిపారేయలేం.

అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్ల ఆలోచన గత ఇరవై ఏళ్లలో మారింది. ఆకు మీది క్రిమిని మందు చంపేస్తుందన్న ఆశ తగ్గిపోయింది. ఆకు నుంచి నీళ్లలోకి జారిన క్రిమి ఇంకో ఆకును చేరేలోపే చావాలి, మందు వేసేది అందుకే అన్న అవగాహన స్థిరపడింది. బెల్ట్స్‌విల్‌లోని అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధన కేంద్రంలో చేసిన ప్రయోగాలు దీనికి ఒక అంకె ఇచ్చాయి. కడిగే నీళ్లలో చురుకైన క్లోరిన్, అంటే ఇంకా ఖర్చవకుండా మిగిలిన క్లోరిన్, లీటరుకు కనీసం 10 మిల్లీగ్రాములు, అంటే 10 పీపీఎం, ఎప్పుడూ తగ్గకుండా ఉంటే ఓ157 నీళ్ల ద్వారా ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు పాకడాన్ని ఆపవచ్చని తేలింది. ‘ఎప్పుడూ తగ్గకుండా’ అన్నదే కష్టమైన మాట.

ఎందుకంటే క్లోరిన్‌కు బ్యాక్టీరియా అంటే ప్రత్యేకమైన పగేమీ లేదు. ఎదురైన ప్రతి సేంద్రియ పదార్థంతోనూ అది కలబడుతుంది. కోసిన ఆకు రసం, పొలం మట్టి, చెత్త, అన్నింటి మీదా ఖర్చయిపోతుంది. పొద్దున్న తొట్టి నింపినప్పుడు అద్దంలా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి పచ్చటి కషాయంలా తయారవుతాయి. పాత మార్గదర్శకాలు కడిగే నీళ్లలో 50 నుంచి 200 పీపీఎం క్లోరిన్ కలపమనేవి. కలిపింది ఎంత అన్నదాని కంటే ఆ క్షణంలో చురుగ్గా మిగిలింది ఎంత అన్నదే లెక్క. మనదేశంలో తాగే కుళాయి నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల చురుకైన క్లోరిన్ మిగలాలన్నది ప్రమాణం. కడిగే తొట్టిలో అంతకు యాభై రెట్లు నిలబెట్టాలి, అదీ నిమిషానికి బస్తాల కొద్దీ ఆకు పడుతుండగా.

దీనికి తోడు పీహెచ్ గొడవ. నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత అది; అంకె తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. క్లోరిన్ నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం, అసలైన పనిమంతుడు. రెండోది హైపోక్లోరైట్, అదే ఇంటి పేరు గానీ బద్ధకస్తుడు. పీహెచ్ 7.5 దగ్గర ఇద్దరూ సగం సగం ఉంటారు. 6.5కు దించితే తొంభై శాతం దాకా పనిమంతుడే. 8.5కు ఎక్కితే తారుమారవుతుంది. చిత్రమేమిటంటే, క్లోరిన్ కోసం పోసే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం తనంతట తానే క్షారం. ఎంత పోస్తే పీహెచ్ అంత పైకి పోతుంది. మందు ఎక్కువ పోసిన కొద్దీ దాని పదును తగ్గుతుందన్నమాట. అందుకే ప్లాంట్లలో సిట్రిక్ ఆమ్లం లాంటివి పక్కనే చుక్క చుక్కగా కలుపుతూ పీహెచ్‌ను 6.5, 7 మధ్య పట్టి ఉంచుతారు. మరీ దించేసినా ముప్పే, క్లోరిన్ వాయువు లేస్తుంది. ఇంట్లో బ్లీచ్, వెనిగర్ కలపకూడదని చెప్పేది ఇందుకే. అక్కడ కొలిచే యంత్రమూ ఉండదు, గాలి లాగే ఫ్యానూ ఉండదు.

క్లోరిన్‌కు పోటీగా వచ్చిన మందులున్నాయి. వాటిలో పెరాసెటిక్ ఆమ్లం ముందుంది. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిస్తే పుట్టేది ఇది. ముక్కుకు ఘాటు కొడుతుంది గానీ ఆకు రసానికి క్లోరిన్ అంత తొందరగా లొంగదు. చివరికి వెనిగర్, నీళ్లు, ఆక్సిజన్‌గా విడిపోతుంది. అమెరికాలో పండ్లు కూరలు కడిగే నీళ్లలో దీనికి 80 పీపీఎం పరిమితి. ఖర్చు ఎక్కువ. ఓజోన్ ఉంది, క్లోరిన్ డయాక్సైడ్ ఉంది. ఏది వాడినా ఆకు మీద తగ్గేది ఆ ఒకటి రెండు లాగ్‌ల దగ్గరే తిరుగుతుంది. పత్రరంధ్రంలోకి దూరిన దాన్ని అందుకోలేకపోవడం అన్నింటికీ ఉన్న తంటాయే. లోపలి దాకా దిగగలిగింది రేడియేషన్ ఒక్కటే. 2008 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ పాలకూర, ఐస్‌బర్గ్ లెట్యూస్‌లకు 4 కిలోగ్రేల (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) దాకా దీన్ని అనుమతించింది. అయినా సంచి మీద రేడియేషన్ గుర్తు చూస్తే కొనేవాళ్లు జంకుతారన్న భయంతో కంపెనీలు పెద్దగా ముందుకు రాలేదు. సూక్ష్మజీవికి భయపడని మనిషి ఆ గుర్తుకు భయపడతాడు.

నీళ్లే మోసిన మరికొన్ని కథలు

1999లో అమెరికాలో మామిడిపండ్ల వల్ల సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వ్యాపించింది. పండ్లు బ్రెజిల్ నుంచి వచ్చినవి. పండు ఈగ కోసం వాటిని వేడినీళ్లలో ముంచి, తర్వాత చల్లటి నీళ్లలో వేసి చల్లార్చేవారు. వేడెక్కిన పండు చల్లటి నీళ్లలో పడగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న నీళ్లను లాక్కుంటుంది. నీళ్లలో క్రిమి ఉంటే అదీ లోపలికే. ఈగను చంపడానికి చేసిన పనే సాల్మొనెల్లాకు దారి తీసింది. మన మామిడిని విదేశాలకు పంపేటప్పుడు కూడా వేడినీళ్ల శుద్ధి చేస్తారు కాబట్టి, చల్లార్చే నీళ్లు ఎలాంటివన్నది ఇక్కడివాళ్లకూ పట్టాల్సిన సంగతే.

2011లో జర్మనీది ఇంకా పెద్ద దెబ్బ. దాదాపు 3,800 మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. మొదట స్పెయిన్ దోసకాయల మీద నింద పడి అక్కడి రైతులు నిలువునా మునిగారు. తీరా తేలిందేమిటంటే, దోషం మెంతి మొలకలది. విత్తనాలు ఈజిప్టు నుంచి వచ్చినవి. మెంతిగింజ పైన ఉండే సన్నటి పగుళ్లలో క్రిమి దాక్కుని ఉంటే, మొలకెత్తించే వెచ్చటి తడి దాన్ని లక్షలకు పెంచుతుంది. మొలకల కోసం వాడే విత్తనాలను 20,000 పీపీఎం క్యాల్షియం హైపోక్లోరైట్‌లో నానబెట్టవచ్చని అమెరికాలో 1999 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. కడిగే తొట్టిలో వాడే దానికి వంద రెట్లు పైమాటే. అయినా పూర్తి భరోసా లేదు.

కొత్తిమీరదీ ఒక కథ ఉంది, అమెరికాలోని తెలుగు ఇళ్లకు ఇది సూటిగా తగులుతుంది. మెక్సికోలోని ప్యూబ్లా నుంచి వచ్చే కొత్తిమీరతో సైక్లోస్పోరా అనే పరాన్నజీవి వరసగా కొన్ని వేసవుల్లో వ్యాపించింది. దాంతో 2015 జులైలో అమెరికా ఆ ప్రాంతపు కొత్తిమీర దిగుమతి మీద ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా వర్తించే ఆంక్షలు పెట్టింది. ఇది మనిషి మలం ద్వారానే వచ్చే జీవి. దీని మీద క్లోరిన్ దాదాపు పనిచేయదు. ఎంత మంచి తొట్టి అయినా, ఎంత సరైన పీహెచ్ అయినా దీని ముందు చేతులెత్తేయాల్సిందే. పొలంలో మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే కుళాయి ఉన్నాయా లేదా అన్న దగ్గరే ఇది తేలిపోతుంది.

అసలు 2006 తర్వాత అమెరికాలో జరిగిన మార్పుల దిశ కూడా అదే. 2007లో కాలిఫోర్నియా ఆకుకూరల సంస్థలు ఒక ఒప్పందం కింద చేరి పొలం నియమాలు రాసుకున్నాయి. 2011 జనవరిలో కొత్త ఆహార భద్రత చట్టం వచ్చింది. అయినా 2018లో అరిజోనాలోని యూమా ప్రాంతపు రొమేన్ లెట్యూస్‌తో 210 మంది జబ్బుపడ్డారు, అయిదుగురు చనిపోయారు. ఈసారి అదే రకం ఓ157 సాగు కాలువ నీళ్లలో దొరికింది. ఆ కాలువ పక్కనే వేల పశువులున్న పెద్ద దొడ్డి. ఆ తర్వాత 2019లో కాలిఫోర్నియా ఒప్పందంలో ఇంకో నియమం చేరింది. కోతకు 21 రోజుల ముందు నుంచి, పైనుంచి చల్లే కాలువ, చెరువు నీళ్లను శుద్ధి చేయాల్సిందే. కడిగే తొట్టిలో వేసే మందు వెనక్కి జరిగి జరిగి పొలం కాలువ దాకా వెళ్లిందన్నమాట.

మన కట్ట, మన బకెట్

తెలుగు వంట ఈ లెక్కలో ఒక విషయంలో అదృష్టవంతురాలు. తోటకూర వేపుడైనా, పాలకూర పప్పైనా, గోంగూర పచ్చడైనా, చుక్కకూర పులుసైనా ఆకు పొయ్యి మీదకు వెళ్లాల్సిందే. ఆరు ఏడు లాగ్‌లు అక్కడే పోతాయి. అమెరికాలో సంచి పాలకూర తెచ్చి పప్పులో వేసే తెలుగు కుటుంబానికీ, దాన్నే పచ్చిగా సలాడ్‌లో కలుపుకునే పక్కింటివాళ్లకూ ముప్పు ఒకటి కాదు. మూసీ నీళ్లతో హైదరాబాద్ దిగువన దశాబ్దాలుగా వరి, పశువుల మేతకు పారా గడ్డి, వాటితో పాటు ఆకుకూరలూ పండిస్తున్నారు. ఆ ఆకు ఇన్నేళ్లుగా తింటున్నా పెద్ద ఉత్పాతం కనిపించకపోవడంలో పొయ్యి పాత్ర తక్కువేమీ కాదు. మురుగులో వచ్చే భార లోహాల సంగతి వేరు, దానికి పొయ్యి కూడా ఏమీ చేయలేదు.

అయితే పొయ్యి ఎక్కని ఆకు మన దగ్గరా ఉంది. పెరుగుపచ్చడిలో కొత్తిమీర, బిర్యానీ మీద చల్లే పుదీనా, పానీపూరీ నీళ్లు, శాండ్‌విచ్‌లో రాసే పచ్చి చట్నీ, ఈమధ్య ఊరూరా వచ్చిన సలాడ్ గిన్నెలు, పొద్దున్నే ఆరోగ్యం కోసం తాగే ఆకుల జ్యూసు. వీటికి ఉన్న రక్షణ కడగడం ఒక్కటే. అంటే ఒకటి రెండు లాగ్‌లు.

సరిగ్గా వీటికే మన దగ్గర ఆ తొట్టి సమస్య ఉంది, ఎవరూ దాన్ని తొట్టి అని పిలవకపోయినా. చాలా చోట్ల తెల్లవారుజామున కోసిన ఆకు కట్టలను బండెక్కించే ముందు పక్కన పారే కాలువలోనో, మోటారు కింద కట్టిన గోలెంలోనో ముంచి తీస్తారు. మట్టి పోతుంది, ఆకు నిగనిగలాడుతుంది. మార్కెట్లో తడి గోనెపట్టా మీద పేర్చాక, వాడిపోకుండా మధ్యాహ్నం దాకా బకెట్లోంచి చెంబుతోనో చేత్తోనో నీళ్లు చిలకరిస్తూనే ఉంటారు. కాలిఫోర్నియా ప్లాంటులో పిల్లకాలువకూ, ఈ బకెట్‌కూ సూత్రంలో తేడా లేదు. ఒకే నీళ్లు అన్ని కట్టలనూ తాకుతున్నాయి. తేడా అల్లా, అక్కడ ఆ నీళ్లలో క్లోరిన్ ఎంత మిగిలిందో నిమిషం నిమిషం చూసే మీటరు ఉంటుంది. ఇక్కడ ఆ నీళ్లు ఎక్కడ పట్టారన్నది కూడా ఎవరూ అడగరు. కాలువకు బదులు బోరు నీళ్లు, ఆ బకెట్‌కు ఒక మూత, తాగునీటి కుళాయి ఒకటి. రైతు బజార్లలో ఇంత ఏర్పాటుకు పెద్ద ఖర్చు కాదు. ఇంట్లో ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా రానంత ఫలితం ఇందులో ఉంది.

ఇంటి జాగ్రత్తల్లో కూడా గందరగోళం ఎక్కువే. ఉప్పు, పసుపు కలిపిన నీళ్లలో నానబెట్టడం పాత అలవాటు. పురుగులు, మట్టి వదలడానికి ఉప్పు నీళ్లు బాగానే పనికొస్తాయి. ఇ.కోలి మాత్రం పది నిమిషాల ఉప్పుకు చావదు. బేకింగ్ సోడా గురించి వాట్సాప్‌లో తిరిగే మాటకు మూలం 2017లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో యాపిల్ పండ్ల మీద చేసిన పరిశోధన. అది పురుగుమందుల అవశేషాల గురించి, బ్యాక్టీరియా గురించి కాదు. ఈ రెండూ వేర్వేరు శత్రువులు. ఒకదానికి పనిచేసింది రెండోదానికి పనిచేస్తుందన్న నమ్మకం లేదు. వెనిగర్ కొంత తగ్గిస్తుంది గానీ ఆకు రుచి మారేంత పోయాలి. సబ్బు, గిన్నెలు తోమే లిక్విడ్ అసలు వద్దు. ఆకు వాటిని పీల్చుకుంటుంది, అవి కడుపులోకి పోతాయి.

క్లోరిన్ విషయంలో మాత్రం రెండు దేశాల సలహాలు రెండు రకాలు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఇంట్లో పారే నీళ్లు చాలు, వేరే మందులు వద్దంటుంది. మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ కరోనా సమయంలో, 2020లో, 50 పీపీఎం క్లోరిన్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో కూరగాయలను ముంచమని చెప్పింది. పైకి పొంతన లేనట్టు కనిపించినా రెండింటికీ కారణం ఉంది. అక్కడ కుళాయి నీళ్ల మీద నమ్మకం ఉంది. మన దగ్గర చాలా చోట్ల కడిగే నీళ్లే అనుమానం. 50 పీపీఎం అంటే ఎంతో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. అయిదు శాతం గాఢత ఉన్న, రంగూ వాసనా కలపని సోడియం హైపోక్లోరైట్ లీటరు నీళ్లకు ఒక మిల్లీలీటరు. చెంచా కాదు, మిల్లీలీటరు. తర్వాత తాగే నీళ్లతో జాడించాలి. బాత్‌రూమ్ కోసం అమ్మే బ్లీచ్‌లూ, క్లీనర్లూ దీనికి పనికిరావు. సరిగ్గా కొలవలేనివాళ్లకు, కుళాయి నీళ్లు బాగున్నవాళ్లకు పారే నీళ్లే మేలు.

పారే నీళ్లు అనడంలో అర్థం ఉంది. గిన్నెడు నీళ్లలో ఆకును ముంచి తిప్పితే మట్టి అడుక్కు దిగుతుంది నిజమే, కానీ ఆ గిన్నె కూడా చిన్న తొట్టే. మొదట ముంచి మట్టి వదిలించినా, చివరి జాడింపు చిల్లుల గిన్నెలో వేసి కుళాయి కింద జరిగితే, జారిన క్రిమి వెనక్కి వచ్చే దారి ఉండదు. సంచి మీద ‘కడిగినది, నేరుగా తినవచ్చు’ అని ఉన్న ఆకును ఇంట్లో మళ్లీ కడగొద్దని అమెరికా సంస్థలు చెప్పేది కూడా ఇందుకే. ప్లాంటులో పోనిది ఇంటి సింకులో పోయే అవకాశం తక్కువ. సింకులో ఉన్న పచ్చి కోడిమాంసం తడి ఆకుకు అంటుకునే అవకాశం ఎక్కువ. కడిగిన ఆకును ఆరబెట్టి, 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో పెడితే మిగిలిన కాసిని పెరగకుండా ఉంటాయి.

వంటింట్లో రోజూ జరిగే పనిలో ఈ లెక్క తప్పేది ఎక్కువగా ఒకచోట. పప్పులోకి పాలకూర కడిగిన గిన్నెలోనే, అవే నీళ్లలో, చివర్లో కొత్తిమీర కట్టను ఒకసారి ముంచి తీసి విదిలించడం చాలా ఇళ్లలో అలవాటు. పాలకూర పొయ్యి మీదకు వెళ్తుంది. కొత్తిమీర నేరుగా పెరుగుపచ్చడిలోకి వెళ్తుంది.